చేదెక్కిన కీర తీగలు

గ్రీన్‌హౌస్‌లో కీరదోస తీగల మధ్య నిలబడి కాయ కొరికిన చెల్లెలు మొహం చిట్లించి ఉమ్మేసింది.

"చేదు విషం, అక్కా! పొద్దున ఇదే తీగ కాయ తిన్నాను, కమ్మగా ఉంది."

"నీళ్లు చాల్లేదేమో."

"మట్టి తడిగానే ఉందిగా. పురుగు కొరికినా, కత్తెర పడినా తనను కాపాడుకోడానికి తీగ చేదెక్కుతుందని నువ్వేగా చెప్పావు. ఏమైనా కోశావా?"

"ఇప్పుడేగా వచ్చాను! చూడు, చేతిలో కత్తెర కూడా లేదు."

చెల్లెలు పక్క తీగ కాయ కొరికింది. అదీ అంతే. ఆ పక్కదీ అంతే.

"అక్కా, ఎవరూ తాకకుండానే అన్నీ చేదెక్కాయి. నా దగ్గర ఏదో దాస్తున్నావు."

అక్క గొంతు తగ్గించింది.

"నువ్వు బాధపడతావని చెప్పలేదు. ఈ పంటతో ఇక వేగలేను. రేపు అన్నీ పీకించేద్దామనుకున్నా. ఇంకా ఎవరితోనూ అనలేదు."

"మరి వీటికెలా తెలిసింది?"

అక్క చుట్టూ చూసింది. ఒక్క ఆకూ కదలడం లేదు. ఆమె గొంతు పెంచి, "పీకించనులే!" అంది. తర్వాత చెల్లెలి చెవిలో, "ఇప్పుడు కొరికి చూడు," అంది.

చెల్లెలు ఇంకో కాయ తెంపి కొరికింది. మింగలేక ఉమ్మేసింది.

"ఇవి నిన్ను నమ్మలేదక్కా."