ఊరికే ఆగే లైను

వెల్లింగ్టన్‌లో ఆ ఉదయం గాలి కిటికీలను ఊపేస్తోంది. కంప్యూటర్లలో శబ్దాన్ని నడిపే కోడ్‌లో తను చేసిన మార్పుకు, దాన్ని సరిచూసే సహోద్యోగిని ఎప్పుడు సరేనంటుందా అని, అతను కాఫీ కప్పుతో ఆమె కుర్చీ పక్కనే నిలబడ్డాడు.

“అమ్మా తల్లీ, తీసేసింది ఒక్క లైను. దానికింత పంచాయితీనా?”

“ఆ లైను ఏం చేస్తోందో చెప్పు.”

“ఏమీ చెయ్యదు. పవర్ ఇచ్చాక ఊరికే ఓ క్షణం ఆగుతుంది. తీసేస్తే పాట వెంటనే మొదలవుతుంది.”

“పరీక్షించానని కింద నీ పేరు రాశావు.”

“రాశాను. టెస్టులన్నీ పాసయ్యాయిగా.”

“టెస్టులకు చెవులున్నాయా? ఇదిగో హెడ్‌ఫోన్స్, పెట్టుకో.”

“పెట్టుకుంటా. ఎందుకైనా మంచిదని వాల్యూమ్ సున్నాకి దించుతున్నా.”

“దించు. ఇప్పుడు ఆ లైను లేకుండానే ఆన్ చెయ్యి.”

“చేస్తున్నా... అమ్మో! చెవిలో టపాకాయ పేలింది! వాల్యూమ్ సున్నాలోనే ఉందిగా?”

“అది పవర్ తగలగానే కొట్టే దెబ్బ. వాల్యూమ్ మాట వినదు. అది చల్లారేదాకా హెడ్‌ఫోన్స్‌కి దారి తెరవకుండా ఆపేది నువ్వు తీసేసిన ఆ క్షణమే.”

“ఆ ముక్కేదో లైను పైన రాసి ఏడవొచ్చుగా, పెట్టినవాడు!”

“వాడు రాయలేదు. నువ్వు రాయి.”

“సరే, లైను మళ్ళీ పెట్టేస్తా. పైన ఏమని రాయమంటావు?”

“ఇందాక అరిచావే, అదే రాయి.”