బ్లోయర్ తగ్గించిన కారణం

నా పేరూ చిరునామా పైన రాసుకున్నారు. వయసు నలభై నాలుగు. రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ చేశాను. ఊరి చెత్తంతా పోసే గుట్ట అడుగు నుంచి నల్లగా ఊరే నీటిని శుద్ధి చేసే ప్లాంటులో ల్యాబు చూసుకుంటాను.

ఆ నీటిని తొట్టిలో నింపి బ్లోయర్లతో గాలి కొడతాం. అప్పుడు నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువు పైకి వస్తుంది. కంటికి కనిపించదు. భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇది ఈ వాంగ్మూలం రాసుకుంటున్న ఇన్‌స్పెక్టర్ గారికి మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ "మరి ఎవరికీ దగ్గు రాలేదు కదమ్మా?" అన్నారు. రాలేదు. ఇంకోసారి అడిగినా రాలేదనే చెబుతాను.

నెలకోసారి తొట్టి నీటి మీద డబ్బా బోర్లించి ఆ వాయువును కొలుస్తాను. ఎప్పుడూ తక్కువే వచ్చేది. ఈ మధ్య కంపెనీవాళ్ళు రేయింబవళ్ళు తనంతట తానే కొలిచే యంత్రం పెట్టారు. అది నా లెక్కకు ఎన్నో రెట్లు చూపించింది. నేను తొట్టి దగ్గరికి వెళ్ళిన పూట మాత్రం పడిపోయింది. ఆరా తీస్తే, నేను అక్కడ ఉన్నంతసేపూ ఆపరేటరు గాలి బాగా తగ్గించేస్తున్నాడని తేలింది. గాలి తగ్గితే వాయువు నీళ్ళలోనే ఉండిపోతుంది. నేను చూసినవన్నీ చిన్న బుడగలే. అదే మామూలనుకున్నాను. అనుమానం రావాల్సిందా? రోజుకో జవాబు తోస్తోంది.

ఆపరేటరును అందరం బాబాయ్ అంటాం. మేనేజరు గారు నా ఎదుటే నిలదీశారు.

"నురగ చిమ్మి మేడమ్ గారి మీద పడట్లా సార్? పోయినేడు మొహమంతా పడింది. మీరైతే ఊరుకుంటారా?" అన్నాడు.

"నాతో ఒక్క మాట అనొచ్చుగా బాబాయ్!" అన్నాను.

"చెబితే వద్దంటారుగా తల్లీ."

మేనేజరు గారు దీన్ని మోసమని పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు. రుజువైతే బాబాయ్‌కి ఉద్యోగం పోతుంది, జైలూ తప్పదంటున్నారు. ఆ తక్కువ అంకెలకే ప్లాంటుకు మెప్పు పత్రం వచ్చింది. ఆ రోజు ఫొటోలో ముందు నిలబడింది మేనేజరు గారు. బాబాయ్ అందులో లేనే లేడు.

"కావాలనే తగ్గించాడా? అవునా, కాదా?" అని ఇన్‌స్పెక్టర్ గారు అడిగారు. కావాలనే, నా మీద నురగ పడకూడదని, అన్నాను. "నురగ సంగతి కేసుకెందుకమ్మా" అంటూ ఆయన 'కావాలనే' దగ్గర చుక్క పెట్టేశారు. అలా అయితే సంతకం చేయనన్నాను. తర్వాత ఆ చుక్క కొట్టేసి మిగతా మాటలు రాశారు.

ఇప్పుడు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. చేర్చిన మాటల పక్కన ఒక సంతకం, కింద ఒకటి చేస్తున్నాను.

(సంతకం)
ల్యాబ్ ఇన్‌ఛార్జి