గంటకు ముందే ఆమెన్

నవ్వకు సునీల్. గా స్క్రూడ్రైవర్ జర పక్కకు పెట్టి నా మాట ఇను. నువ్వు లినక్స్ ఎక్కిచ్చిన ఈ కంప్యూటర్ డబ్బతోని గియ్యాల మందిరంల నా ఇజ్జత్ పోయింది.

పాస్టరయ్య మౌన ప్రార్థన అన్నడు. అందరు మోకాళ్లేసి కండ్లు మూసుకున్నరు. నేనేమో తర్వాతి పాట తెరమీదికి తెద్దామని ఒక మీట నొక్కబోయి ఇంకో మీట నొక్కిన. కంప్యూటర్ కీంగ్ మన్నది. ప్రార్థన అయిపోతే పాస్టరయ్య బల్లమీది చిన్నగంట కొడ్తడు గదా, గదే గంట అనుకొని ఇస్రాయేలు తాత "ఆమెన్" అన్నడు. ఆ తాత అన్నంక ఇంకెవ్వలాగుతరు? అందరు ఆమెన్ అని లేచి నిలవడ్డరు. పాస్టరయ్య ఒక్కడే మోకాళ్ల మీదున్నడు పాపం.

సుక్కమ్మ అవ్వయితే నా గదువ పట్టుకొని, మోకాళ్లు నొయ్యకముందే అయిపోయింది బిడ్డా, వచ్చే ఆదివారం గూడ గిట్లనే కొట్టియ్యి అంటది.

నవ్వు, నవ్వితే నవ్వు. గని పాస్టరయ్య నవ్వలే. ఇంకొక్కసారి కూసిందంటే పాత సామాన్లకేస్త అన్నడు. కంప్యూటర్ పోయినంక నువ్వు చౌటుప్పల్ల డ్యూటీ దిగి బస్సెక్కి రామన్నపేటకు ఎందుకొస్తవు? ఆఁ, గదే అంటున్న. రిపేరుకే గదా వచ్చేది.

ఏందీ, పోయిన వారమే ఆ కూతను బంద్ చేసిన అంటవా? చేసినవ్. నేను పక్కనే కూసున్న గదా. కంప్యూటర్ లేవంగనే లినక్స్‌కు గుండెకాయ అసొంటి కర్నల్ కొన్ని మాడ్యూళ్లను, గవే చిన్న చిన్న ప్రోగ్రాం ముక్కలను, మనం అడగకున్నా లోపలికి తీస్కుంటది, గా కూతల మాడ్యూల్ గూడ గట్లనే వస్తది, సౌండ్ తగ్గించినా వినది అని చెప్పినవ్. ఆటో ఆగంగనే పిలవకున్నా ఎక్కి కూసునేటోళ్ల తీరు అని నేనన్న. నువ్వు శానసేపు నవ్వినవ్. దాన్ని రానియ్యొద్దని ఫైల్ల ఒక లైన్ రాసి మళ్ల స్టార్ట్ చేస్తే, ఎన్ని మీటలు నొక్కినా కిక్కురుమనలే.

"ఇగ నాతోని పనిలేదు మెర్సీ" అని సంచి సర్దుకున్నవ్. ఆ మాట ఎందుకనాలె నువ్వు?

ఫైల్ తెరుస్తున్నవా? ఆగు, ఆగు. సరే తియ్యి, చూడు.

లైన్ అక్కడనే ఉన్నది. దాని ముందర హ్యాష్ గుర్తున్నది గదా, అది పెడితే ఆ లైన్‌ను కంప్యూటర్ లెక్క చెయ్యదని నువ్వే నేర్పినవ్. పెట్టింది నేనే. నువ్వు బస్సెక్కినంక పెట్టిన. ప్రార్థనల కూస్తదనుకోలే, దేవుని తోడు. పాటలప్పుడు కూస్తదనుకున్న.

గట్ల చూడకు. మందిరంల మగపిల్లలందరిని నేను అన్నా అనే పిలుస్త. నిన్నెప్పుడన్న గట్ల పిలిచిన్నా? జర యాది చేస్కో.

అగో, పాస్టరయ్య వస్తున్నడు. జల్ది ఆ గుర్తు తీసెయ్యి. వచ్చే ఆదివారం గది కూయదు, నేను మళ్ల దాన్ని ముట్టనే ముట్ట.

నువ్వు మాత్రం రా. ఏం ఖరాబ్ కాకున్నా రా.