అరపేజీ పేరు

సియోల్. ఫోన్లూ ట్యాబ్లెట్లూ తయారుచేసే ఒక కంపెనీలో పేర్లు పెట్టే విభాగం. అందులో ఉన్నది ఇద్దరే: లీడర్ ప్యో గుమ్హీ, ఆమె కింద పనిచేసే దో జినుక్. మధ్యాహ్నం మూడు దాటింది.

“లీడర్ గారూ, ఇంకా చూడలేదా?”

“చూశాను. ఆ కింబాప్ అన్నం చుట్టలు తిను, ఎండిపోతున్నాయి.”

“ఏం చూశారు? పొద్దున్నే కొత్త పేర్ల కాగితం మీద నా గడిలో ఆమోద ముద్ర కొట్టి మీకిచ్చాను. ఫోనులో ఐదుసార్లు అడిగాను, ఇది ఆరోసారి. మీ గడిలో మీరు కొడితేనే కదా డైరెక్టరు గారికి వెళ్ళేది!”

“తెలుసులే. పన్నెండేళ్ళుగా కొడుతున్నాను. మీ ఆవిడకి ఎన్నో నెల?”

“తొమ్మిది. మాట మార్చకండి. రాసింది అరపేజీ. ఫోనుకి ‘నారే’, పక్కన ఏడాది. ట్యాబ్లెట్‌కి ‘నారే పలక’, పక్కన అదే ఏడాది. చిన్నది, పెద్దది. అంతే. ఇందులో తప్పేముంది?”

“తప్పేం లేదు.”

“మరి? అల్ట్రా లేదనా? పేరులో అల్ట్రా లేకపోతే డైరెక్టరు గారికి అన్నం దిగదు, నాకు తెలుసు.”

“గున్సాన్ నుంచి వచ్చిన ఉత్తరం చదివావా?”

“ఆ టీచరమ్మదా? చదివాను. చదివే కదా ఇది రాసింది! బడి పిల్లల ట్యాబ్లెట్లకి తెర మీద అంటించే అద్దాలు ముప్పై తెప్పించుకుంటే, ముప్పైకి ముప్పై రెండు వేళ్ళు పొట్టి. ‘ట్యాబ్ లైట్ సెవెన్’ వేరు, ‘ట్యాబ్ సెవెన్ లైట్’ వేరు అని ఆవిడకేం తెలుసు పాపం! ఆ రెండు పేర్లూ పెట్టిన మహానుభావుడెవడో...”

“నేనే. తిను, తిను. ఆ వేసవిలో వారంలో పదకొండు పేర్లు కావాలన్నారు. పెట్టాను. చివరికి ఏది ఫోనో ఏది ట్యాబో నాకే తెలియలేదు.”

“అయ్యో, నేను మిమ్మల్ని అనలేదు...”

“అనాల్సిందే. సరే గానీ జినుక్, నీ అరపేజీ ఒప్పుకుంటే వచ్చే ఏడాది పేరు ఎవరు పెడతారు?”

“పెట్టడానికేముంది? ఏడాది మారితే అంకె మారుతుంది. గేటు దగ్గర తాత కూడా...”

“ఆ. గేటు దగ్గర తాత కూడా పెట్టేస్తాడు. అర్థమైందా?”

“అంటే... మన విభాగం...”

“ఎత్తేస్తారు.”

“మీకు ముందే తెలుసా?”

“చదవగానే తెలిసింది. నీకు తట్టలేదా?”

“లేదు. మూడు వారాలు కూర్చుని రాశాను, ఒక్కసారీ తట్టలేదు. నా అంత వెర్రివాడు... లీడర్ గారూ, మొదటి గడి నాది. నా ముద్ర వెనక్కి తీసుకుంటే ఆ కాగితమే లేదు. ‘ట్యాబ్ టెన్ ప్లస్ అల్ట్రా’ అని రాసి పారేద్దాం.”

“మరి గున్సాన్ టీచరమ్మ?”

“నాకు ఇరవై రోజుల్లో బిడ్డ పుడుతుందండీ!”

“అరవకు. నీ ముద్ర ఇక వెనక్కి రాదు. తొమ్మిదింటికే నేను కొట్టేశాను. ఆ ఉత్తరం బల్ల మీద పెట్టాక డైరెక్టరు గారూ కొట్టేశారు.”

“తొమ్మిదింటికా? మరి ఇప్పటిదాకా ఎక్కడున్నారు? నాతో ఒక్క మాటైనా...”

“పై అంతస్తులో. ట్యాబ్లెట్ల డిజైన్ వాళ్ళ లీడర్‌ని బతిమాలుతున్నాను. సోమవారం నుంచి నువ్వక్కడికి వెళ్ళు. ఒక్క కుర్చీయే ఖాళీగా ఉందన్నాడు.”