వేళాకోళం వరస

టబోరా ఊరి చివర, వాన వెలిసిన పొద్దున. షిజా తాత, మనవరాలు కబులా స్కూలు బస్సు కోసం నిలబడి ఉన్నారు.

"ఎక్కనంటే ఎక్కను తాతా. నడిచిపోతా."

"నాలుగు మైళ్ళు నడుస్తావా? ఎందుకూ?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ నాలుగు మైళ్ళు నడవరమ్మా. నీ గౌనుకి రోజూ వెనకాల ఆ బురదేమిటి?"

"కింద కూచుంటున్నా."

"బస్సులో సీట్లు లేవూ?"

"ఉన్నాయి."

"మరి?"

"గామా కూచోనివ్వడు. పెద్ద క్లాసు న్గోనీ వాడు. మీ న్యమ్వేజీలు మూటలు మోసిన జాతి, మూటలు కిందే ఉండాలి అంటాడు."

"ఎన్నాళ్ళ నుంచీ?"

"వానలు మొదలైన కాణ్ణించీ. నెల."

"మీ అమ్మ కట్టే చిలగడదుంప ఒరుగులు?"

"వాడే తింటాడు."

"నాతో ఒక్క మాటన్నా చెప్పలేదేమే?"

"నువ్వే అన్నావుగా. న్గోనీలు మనకి వేళాకోళం వరస, వాళ్ళేమన్నా నవ్వాలే గాని కోపం తెచ్చుకోకూడదని. తెచ్చుకుంటే మన పరువే పోతుందని."

"అన్నాను. నేనే అన్నాను. నా నోట్లో మన్ను పడ. సగం మాటే చెప్పాను. తిరిగి మనమూ అనాలి, అదీ వరస. ఆ సగం చెప్పలేదు... ఉండు, బస్సొచ్చింది."

"ఏం ముసలాయనా, పిల్లని ఎక్కించవా? టైమవుతోంది."

"నువ్వేనా కండక్టరువి?"

"రజబుని. ఎక్కమను."

"నా పిల్లని నెల నుంచి కింద కూచోబెడుతున్నారట."

"ఓ, అదా. పిల్లల సరదా. వాడు న్గోనీ, ఈ పిల్ల న్యమ్వేజీ. ఉతాని. తాతల నాటి వేళాకోళం. నీకు తెలీదా?"

"నువ్వు పుట్టక ముందు నుంచీ తెలుసు. గామా ఎవరు? తల కాస్త కిటికీ బయట పెట్టు నాయనా."

"నేనే. నువ్వూ మూటలు మోశావా తాతా?"

"మోశాను. మీ తాతనీ మోశాను, తాగి కాలవలో పడితే. ఆ, నవ్వండి, నవ్వండి. వాడొకటంటే నేనొకటి. నా పిల్ల ఒక్కటన్నా అందా నిన్ను, గామా?"

"అంటే వేలు విరుస్తానన్నాడు తాతా."

"విన్నావా రజబూ? కబులా చెప్పింది విన్నావా?"

"సరే సరే, నేను చెబుతాలే వాడికి."

"నెల నుంచి చెప్పనివాడివి ఇవాళ చెబుతావా? గామా, మీ ఇంట్లో ఎవరన్నా పోతే ఒళ్ళు కడిగేదెవరు? గొయ్యి తవ్వేదెవరు?"

"మీ వాళ్ళు."

"మా ఇంట్లో పోతే?"

"మేము."

"వరస బాగానే తెలుసు. కబులా, ఈ కర్ర పట్టుకో."

"తాతా, ఏం చేస్తున్నావు? బురద తాతా. బస్సు చక్రం ముందు పడుకున్నావేంటి... లే తాతా, లే."

"ముసలాయనా, పిచ్చా? లెగు."

"నేను చచ్చిపోయాను రజబూ. నాతో మాట్లాడకు. వరసైనవాణ్ణి దిగమను. ఒళ్ళు కడగాలి, గొయ్యి తవ్వాలి. అందాకా బస్సు కదలదు."

"డ్రైవరన్నా, హారన్ కొట్టు."

"కొట్టుకోండి. చచ్చినవాడికి ఏం వినపడుద్ది?"

"బస్సంతా నవ్వుతున్నారు తాతా."

"నన్ను చూసా, వాణ్ణి చూసా?"

"వాణ్ణే."

"అయితే నవ్వనీ."

"గామా, దిగరా బాబూ. ఊరికే ముట్టుకుని వచ్చెయ్. మొదటి గంట కొట్టేస్తారు."

"నేను దిగను రజబన్నా. ఆ ముసలాడు నాకేం వరస కాడు. నాకే వరసా లేదు."

"లేదా గామా? గట్టిగా చెప్పు, అందరూ వినాలి."

"లేదు."

"అయితే నెల నుంచి నా పిల్లకి నువ్వు చేసినదాన్ని ఏమంటారు? ఆ పేరు చెప్పు, లేస్తాను."

"రజబన్నా, ఈ కిటికీ వేసెయ్."

"నువ్వన్నా చెప్పు రజబూ. నెలగా చూశావుగా."

"ముందు లెగు పెద్దాయనా. నా ఉద్యోగం పోద్ది."

"చచ్చినవాణ్ణి, నాకేం తెలుసు నీ ఉద్యోగం సంగతి? ఎవరది, దిగింది? ఇంత చిన్నపిల్లవి, నువ్వెందుకు దిగావమ్మా? న్గోనీ పిల్లవా? నన్ను కడుగుతావా?"

"కాదు తాతా. నా పేరు కోకుసీమా. మాది బుకోబా, వేరే జాతి, మాకూ గామా వాళ్ళకూ ఏ వరసా లేదు. అయినా నా తిండీ రోజూ వాడే తింటాడు. కొంచెం అటు జరుగు, నేనూ పడుకుంటా."