వెయిటింగ్ లిస్టులో యూనివర్సిటీ

సాయంత్రం నాలుగింటికి కరెంటు పోయింది. జిరాక్సు మిషన్ ఆగింది, జిరాక్సు బాబాయ్ నోరు మొదలైంది. పక్కనే ఉన్న టీ కొట్టులో డ్రైవరు, పోస్ట్‌మాన్, టీ కాసే ఆయన వింటున్నారు. దర్జీ అక్క ఒక కవరు పట్టుకుని గబగబా వచ్చి, "బాబాయ్, ఒక మాట," అంది. ఆవిడ కూతురు అమెరికా చదువుకి అప్లికేషన్ పెడుతోందని వీధంతటికీ తెలుసు.

"ఉండు తల్లీ, నీకు పనికొచ్చేదే చెబుతున్నా. నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు, ఒక్క వాక్యం దిద్దాను, అంతే. ఆ మధ్య ఒకమ్మాయి అమెరికా అప్లికేషన్లో పెట్టే వ్యాసం ప్రింటు తీయించుకోడానికొచ్చింది. అక్కడ సీటంటే మాటలా? పై దేశాల పిల్లలు వందమంది అడిగితే ముగ్గురికో నలుగురికో ఇస్తారు, మార్కులా, అందరికీ నిండుగానే ఉంటాయి, ఇక చూసేది ఆ వ్యాసమే. ఈ పిల్లేమో 'నేను చిన్నప్పటి నుంచీ తెలివైనదాన్ని' అని మొదలెట్టింది. అమ్మా, గొప్పలు మానెయ్, నువ్వు చేసిన తప్పుతో మొదలెట్టు అన్నాను. రాసింది. సీటొచ్చింది."

"ఇందులో కోతలేం లేవే," అన్నాడు పోస్ట్‌మాన్ కాస్త నిరాశగా.

"కోతలెందుకుంటాయయ్యా? ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఫోనొచ్చింది. సీట్లిచ్చే కమిటీ పెద్దాయన. 'ఆ వాక్యం చదివి కమిటీ మొత్తం ఏడుస్తోంది, మూడు రోజులుగా పని సాగట్లేదు, మిగతా అప్లికేషన్లు మీరే చూసిపెట్టండి' అని. యాభై వేలు. ఓడలో పంపారు."

"అవి కంప్యూటర్లో కదా ఉంటాయి?" అన్నాడు డ్రైవరు.

"నాకోసం ప్రింటు తీశారు. చదువుతూ కూర్చుంటే ఎప్పటికి తెమిలేను? ఒక్కొక్కటీ ఇలా చేత్తో తూచాను. అబద్ధం రాసిన కాగితం బరువుగా ఉంటుంది. భోజనాల వేళకి అయిపోయింది."

"నీ కొట్లో నువ్వే పక్కకి తిరిగి నిలబడాలి. అన్ని కాగితాలు ఎక్కడ పెట్టావు?" అన్నాడు టీ కాసే ఆయన.

"బాబాయ్, టైమవుతోంది," అంది దర్జీ అక్క.

"అయిపోవచ్చింది తల్లీ. ఈ సంగతి మిగతా యూనివర్సిటీలకి పాకింది. మీ వీధి పిల్లలే కావాలని ఒకటే గోల. నేనేమన్నానో తెలుసా? అప్లికేషన్ పెట్టుకోండన్నా. పిల్లలు కాదు, యూనివర్సిటీలు! వాళ్ళు మన పిల్లల్ని అడిగినట్టే, మా పిల్లలు మీకెందుకు కావాలో ఆరు వందల యాభై మాటల్లో వ్యాసం, ఒక్క మాట మించకూడదు, ఇద్దరి దగ్గర సిఫార్సు ఉత్తరాలు. అందులో ఒక యూనివర్సిటీ రెండు వందల ఏళ్ళనాటిది, రాతి గోడలు, తీరా చూస్తే 'మేము మొదటి నుంచీ గొప్పవాళ్ళం' అని మొదలెట్టింది. పెద్దరికం చూసి తీసెయ్యలేక వెయిటింగ్ లిస్టులో పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉంది, పాపం."

"ఈసారికి తీసుకోరాదూ," అన్నాడు డ్రైవరు.

"ఈ తల్లి కూతురు ఊఁ అంటే చూద్దాం. పొద్దున ఆ పిల్ల మార్కుల కాగితానికి నా చేత్తోనే లామినేషన్ చేశాను. సీటొచ్చేసినట్టే."

దర్జీ అక్క కవరులోంచి ఆ కాగితం తీసింది. తళతళలాడుతోంది. వెనకవైపు అలికేసినట్టు నీలం మరక.

"జిరాక్సు తీయమంటే అడక్కుండా ప్లాస్టిక్ వేశావు. దీని వెనక బడి ముద్ర పడాలి, ఇవాళే ఆఖరు రోజు. ఎన్నిసార్లు వేసినా ముద్ర తుడుచుకుపోతోంది. పిల్ల మధ్యాహ్నం నుంచి ఏడుస్తోంది. ఐదింటి లోపు వస్తే బడి గుమస్తా వేరే కాగితం ఇస్తానన్నాడు. ఇది ఎలా పాడైందో పాడుచేసినవాళ్ళ చేత రాయించుకు రమ్మన్నాడు."

బాబాయ్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏం రాయాలి?"

"ఆరు వందల యాభై మాటలక్కర్లేదు. ఒక్క వాక్యం. నిజం."

పోస్ట్‌మాన్ పెన్నూ కాగితమూ ఇచ్చాడు. బాబాయ్ 'ఇరవై ఏళ్ళ అనుభవంతో' అని రాసి కొట్టేశాడు. 'వీధిలో అందరూ మెచ్చిన' అని రాసి అదీ కొట్టేశాడు. గోడ గడియారం నాలుగున్నర దాటింది.

"ఎలా మొదలెట్టాలి తల్లీ?"

"నువ్వే చెప్పావుగా బాబాయ్," అంది దర్జీ అక్క. "గొప్పలు మానెయ్. తప్పుతో మొదలెట్టు."