ఆ రాజ్యంలో ఎకరా ధర

ఏం చూసినావో ముందు చెప్పు. ఫెబా లేచి బయటికి పోయేటప్పుడు ఆ బిడ్డ మొకం చూసినావా, లేదా?

చూడలేదా? నీ ఎదురుగ్గానే కూర్చోనుండె కదప్పా! మధ్యలో ఈ చాప, ఈ పాచికలు, ఒక బొరుగుల గిన్నె. అంతే దూరం. అయినా నీకు కనపడలేదు. యాడ కనపడతాది? నువ్వు నీ వడ్లు ఎన్ని మూటలొస్తాయో లెక్క రాసుకుంటాంటివి.

లేయొద్దు. కూర్చో మద్దిలేటీ. ఈ బస్సు పోతే ఆళ్లగడ్డకు ఇంకో బస్సు వస్తాది. నంద్యాలలో బస్సులకేం కరువు లేదు. ప్రతి ఆదివారం మీరిద్దరూ ఒకే బస్సులో పోతారు కదా, నువ్వు ఆళ్లగడ్డలో దిగితే ఆ బిడ్డ చాగలమర్రి దాకా పోతాది. ఈరోజు నీ కోసరం ఆగిందా? "అన్నా, వస్తాండావా" అని ఒక్క మాటన్నా అడిగిందా?

వారమంతా బడిలో పిల్లోళ్లతో అరిచి అరిచి, ఆదివారం చర్చి అయినంక అన్నం సగం తిని, బస్సు పట్టుకోని ఈడికొస్తాది. ఎందుకూ? ఆటలో ఆ కాస్సేపు తనొక వైద్యురాలు. నీలవేణి అని పేరు, మూలికల సంచి, తన కోసరం ఎదురుచూసే జనం. ఈరోజు నీలవేణి గురించి రాసుకున్న కాగితాన్ని మడిచి నా చేతిలో పెట్టి ఏమనె? "నీలవేణి చచ్చిపోయిందనుకో పెద్దమ్మా. నేనింక రాను" అనె. చెప్పులేసుకోని పాయ.

గాయత్రి గూడా ఆట ఇడిసిపెట్టి, స్కూటరు తీసుకోని ఎంటబడి పాయ, బస్టాండులో దింపుతానని. నువ్వేం చేస్తివి? "ఎలిజబెతమ్మా, నా పంట దుడ్లు ఈ వారం వస్తాయా, వచ్చే వారమా?"

నవ్వొస్తాండాదా? నాకు నీ నెత్తిన ఆ బొరుగుల గిన్నె బోర్లించాలనిపించె.

నిన్ను ఈ ఆటలో చేర్చుకున్న రోజు ఏం చెప్పినా? మీ నాయన కాలిపుండుకు కట్టు కట్టేదానికి నేను మీ ఇంటికి వస్తాంటి. నా సంచిలో ఈ ఇరవై మొకాల పాచిక చూసి, "ఏందమ్మా, నర్సమ్మవు, జూదమాడతావా?" అంటివి. జూదం కాదు నాయనా, కత అంటి. కత నేను చెప్తా, దాంట్లో మనుషులు మీరు. గుహ ఉందంటా, పోయేదీ పోనిదీ మీ ఇష్టం. కత్తి ఎత్తితే తగిలేదీ తగలనిదీ పాచిక చెప్తాది. ఒకరికొకరు అడ్డం నిలబడాల, అంతే ఆట. మా కూతురు లూదియా హాస్టలు నుంచి తెచ్చి అటక మీద పారేసిన పుస్తకం. రిటైరైనంక కూడబలుక్కోని చదివి నేర్చుకుంటి.

బాగనే ఆడితిమి కదా! కతలో మీ ముగ్గురికీ కలిపి ఒక లాంతరు. చమురు అయిపోతాదేమోనని మీరు గుసగుసలు పోతాంటే, కత చెప్పే నాకే గుండె దడదడలాడేది. నీ కత్తి విరిగినప్పుడు గాయత్రి తన ఉంగరం అమ్మి నీకు కత్తి కొనిచ్చె. ఫెబా రాత్రంతా నీ గాయానికి పసరు పూసె. అదప్పా ఆటంటే.

ఆ పాము గుహ కాడ చెడిపాయ అంతా. పాము చచ్చె. పెట్టె తెరిస్తిరి. కొత్తోళ్లకు గుప్పెడు వరహాలు, ఒక మందు సీసా, అంతకంటే ఇయ్యొద్దని పుస్తకంలో స్పష్టంగా రాసుండాది. నేనేమంటి? మోకాళ్ల లోతు బంగారం అంటి! నా నోరు అట్ల పాయ. మీ మొకాలు వెలుగుతాంటే ఇంకా చెప్పబుద్ధాయ. కెంపులంటి, పచ్చలంటి.

గాయత్రి ఇనప కవచం కొనె, తెల్ల గుర్రం కొనె, మంట బాణాలు కొనె. సరే. ఫెబా తన వంతంతా నీళ్లు లేని ఊరికి బావి తవ్వియ్యమని ఇచ్చేసె. చేతిలో అదే కర్ర, అదే గుడ్డసంచి. అదీ సరే.

నువ్వు? గడ్డం గోక్కుంటా అడిగితివి. "అమ్మా, ఈ రాజ్యంలో పొలం ఎకరా ఎంత?"

పుస్తకమంతా తిరగేస్తి. కత్తి ధర ఉంది, తాడు ధర ఉంది, గాడిద ధర గూడా ఉంది. పొలం ధర లేదు. రాసినోడు ఏ దేశపోడో, వానికి మన సీమ తెలీదు. బంగారం చేతికొస్తే మనిషి కత్తి కొంటాడనుకున్నాడు పాపం!

పది వరహాలంటి. నలభై ఎకరాలు కొంటివి. నల్లరేగడి, కాలవ కింద. కాలవ కింద అని నేను చెప్పలే. నువ్వే రాసుకుంటివి! మళ్లీ పాసుబుక్కు కావాలంటివి. రాక్షసులు తిరిగే రాజ్యంలో పాసుబుక్కేందప్పా? నేను నవ్వుకుంటా రాసిస్తి. రాజముద్ర గూడా వేస్తి.

ఆ రోజు నుంచి నీ వీరుడు ఏ గుహలోనైనా కాలు పెట్టినాడా? చెప్పు.

నేనేం ఊరకుండలేదు. నిన్ను ఆ చేన్లోంచి లేపాలని పన్ను వేస్తి. నువ్వు పన్ను వసూలు చేసేటోణ్ణి ఇంటికి పిలిచి కోడికూర పెడితివి. దొంగల్ని పంపిస్తి. "దుడ్లెత్తుకపోతారు, చేను ఎత్తుకపోతారా?" అంటివి. మిడతల్ని తెస్తి. ఇంక ఈ గాయత్రి ఉంది చూడు! వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసే పిల్ల, నోరు మూసుకోని ఉండొచ్చు కదా? "వేపగింజల కషాయం కొట్టన్నా" అనె. మిడతలు పాయ.

కరువు తెద్దామని గూడా కూర్చున్నా. పెన్ను కదల్లేదు. చిన్నప్పుడు కరువులో గంజి నీళ్లకు వరసలో నిలబడినదాన్ని. ఆటకైనా అది రాయలేకపోతి.

నా కష్టం నీకేం తెలుస్తాది? రాక్షసుణ్ణి ఎట్ల తయారు చేయాల నేను? గాయత్రి కవచానికి తగినంత బలమిస్తే, వాడి గోరు తగిలితే చాలు, ఫెబా చస్తాది. ఫెబా కర్రకు తగినట్లు చేస్తే, గాయత్రి ఒక్క బాణంతో పడేస్తాది, నువ్వు ఆవలిస్తావు. ముగ్గురూ ఒకే చాప మీద కూర్చోనుండారు, ముగ్గురికీ సరిపోయే దెబ్బ ఒకటి లేదు. వారమంతా ఇదే ఆలోచన. పొయ్యి మీద పప్పు మాడిపోతాన్నా వాసన తెలీల్యా నాకు.

ఈరోజు కతలో ఆ ఊరి పెద్ద ఏడ్చుకుంటా వచ్చె. ఫెబా తవ్విచ్చిన బావిలో రాక్షసి చేరింది, నీళ్లకు పోయిన పిల్లోళ్లను లోపలికి గుంజుకపోతాంది అని. గాయత్రి ఆ ఇనుమంతా వేసుకోని దిగితే మునిగిపోతాది. దిగాల్సింది నువ్వు. ఫెబా నిన్ను నేరుగా అడిగె. "అన్నా, నువ్వొక్కడివి వస్తే చాలు" అనె.

నువ్వు కాగితం మీంచి తల ఎత్తలేదు. "నాకు కోతుందమ్మా, పదిమంది కూలోళ్లను పంపిస్తాలే. రెట్టింపు కూలి ఇస్తా" అంటివి.

ఆ మాటకు మారె ఆ బిడ్డ మొకం. నువ్వు చూడంది అదీ. వాళ్ల నాయన ఇప్పటికీ పొద్దున్నే సద్ది కట్టుకోని యాడికి పోతాడో నీకు తెలీదా? మీ బోటోళ్ల చేన్లకే కదా! ఆ బిడ్డ ముందర కూర్చోని, ప్రాణం పోయే చోటికి కూలోళ్లను తోలుతానంటివి. ఆటేలే అంటావా? ఆటకే అంత సులభంగా వచ్చె నీ నోట్లోంచి, అందుకే చెప్తాండా.

రాక్షసి ఒక్క అరుపు అరిచె, కూలోళ్లు పారిపాయ. నేనైనా పారిపోతా. ఫెబా ఒక్కతే దిగె. పాచిక వేసె. ఇరవైకి మూడే పడె. ఇప్పుడు నీలవేణి బావి అడుగున, బురదలో, ఒక్క ఊపిరితో పడుండాది.

ఏందీ? నీ తప్పేముందంటావా? కష్టపడి పాముని చంపినా, వచ్చిందాంతో పొలం కొన్నా, తాగి తగలేసినానా అంటావా?

లేదప్పా. తప్పు నీది కాదు. అదే నాకు మంట.

నాకు తెలీక పది వరహాలన్నాననుకుంటాండావు కదా? తెలీదు, నిజమే. మా ఇంట్లో ఎకరా ఎంతని అడిగినోళ్లు లేరు. ఆ అవసరమే ఎవురికీ రాలే. మా నాయన చచ్చేదాకా కలుపు తీసినాడు, ఎవురెవురి చేన్లలోనో. కానీ చవగ్గా చెప్పింది తెలీక కాదు మద్దిలేటీ. కావాలనే చెప్పినా.

బతుకంతా అయినంక ఒక రాజ్యం నా చేతికొచ్చె. దాంట్లోనన్నా ఎవురైనా కొనగలిగేటట్లు ఉండనీ భూమి అనుకుంటి. పెట్టెలో అంత బంగారం గూడా అందుకే పోస్తి. నువ్వు అడుగుతాంటే, నేను ఫెబా వైపు చూసి చెప్పినా ధర. కొనుక్కో బిడ్డా, నీ పేరు మీద కొనుక్కో అని. ఆ బిడ్డ తీసకపోయి ఊరికి బావి తవ్విచ్చె. నువ్వు కొంటివి.

నా రాజ్యంలో గూడా భూమి మీ గడపకే వచ్చె. రాసిచ్చిందీ నేనే, ముద్ర వేసిందీ నేనే. ఎవురి మీద అరవాల నేను?

సరే, అరిచింది చాలు. బస్సు టైమాయ నీకు. ఒక్క మాట విని పో. చచ్చిపోయిందనుకోమని ఆ బిడ్డ చెప్పె గానీ, నేను అనుకోలేదు. నీలవేణికి ఇంకా ఊపిరుంది. నేను పాచిక ముట్టను, నిన్ను బలవంతం చేయను. పారిపోయిన కూలోళ్లు ఇప్పుడే నీ కళ్లం కాడికి వచ్చినారు. ఒళ్లంతా బురద. బావి వైపు చెయ్యి చూపిస్తాండారు. వడ్లు ఇంకా తూర్పారబట్టలేదు, గాలి బాగుంది.

చెప్పు నాయనా. యాడుండావు నువ్వు, కళ్లంలోనా, బావి గట్టు మీదనా?